పగిలిన బానెట్‌కు మళ్లీ బలం: పాత గార్డెన్ ట్రాక్టర్ ఫైబర్‌గ్లాస్ భాగాల మరమ్మతు

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

బల్ల మీద ఉన్న ఈ బానెట్‌ను ముందు ఒకసారి చూడండి. ఎడమవైపు దీపం గూడు మూల నుంచి కీలు దాకా బీట పారింది. దాని మీద ఎవరో పుట్టీ మెత్తి రంగు వేశారు. కొన్నాళ్లకు పుట్టీతో పాటే బీట మళ్లీ తెరుచుకుంది. ఇప్పుడు వెనక్కి తిప్పుతున్నాను. లోపలివైపు ఒక రేకు ముక్క పెట్టి నాలుగు రివెట్లు కొట్టారు. ఆ నాలుగింటిలో రెండింటి దగ్గర కొత్త బీటలు పుట్టాయి. ఒక పగులును ఆపబోయి రెండు పగుళ్లు తెచ్చుకున్నారన్నమాట. చేసినవారికి శ్రద్ధ లేదని నేను అనను. రివెట్లు వరుసగా, చక్కగా ఉన్నాయి. ఈ పదార్థం ఎలా విరుగుతుందో వారికి ఎవరూ చెప్పలేదు, అంతే. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఆ ఒక్క సంగతే.

పాత గార్డెన్ ట్రాక్టర్‌కు పిస్టన్ రింగులు, బేరింగులు, బెల్టులు ఏదో ఒక దారిన దొరుకుతాయి. కొలత తెలిస్తే చాలు. బానెట్ సంగతి వేరు. దాన్ని పోసిన అచ్చు ఎప్పుడో మూలపడి ఉంటుంది. ఇంజన్ బాగున్న బండి కూడా బానెట్ ముక్కలైందని పాత ఇనుముకు వెళ్లిపోతుంది. నాకు ఈ పని మీద ఇంత పట్టుదల అందుకే.

సరే, అసలు ఎందుకు పగులుతుంది? ఈ బండ్లలో చాలావాటికి ఉండేది ఒకే సిలిండర్. నిమిషానికి 3600 చుట్లు తిరిగే ఇంజన్ అనుకోండి. పిస్టన్ సెకనుకు 60 సార్లు పైకీ కిందికీ పోతుంది. ఆ అదురంతా చట్రంలోంచి బోల్టుల గుండా బానెట్‌లోకి పాకుతుంది. రేకు అయితే సొట్టపడి ఊరుకుంటుంది. ఫైబర్‌గ్లాస్ సొట్టపడదు. వంగుతుంది, మళ్లీ యథాస్థానానికి వస్తుంది. అలా వంగీ వంగీ ఒకచోట రెసిన్, అంటే గాజుపీచును పట్టి ఉంచే గట్టిపడిన జిగురు, చిట్లుతుంది, ఆ తర్వాత లోపలి పీచు ఒక్కొక్కటిగా తెగుతుంది. మీ కంటికి గీత కనిపించేసరికి లోపల ఆ పని చాలాకాలంగా సాగుతూనే ఉంటుంది.

కాబట్టి ముందు ఆ గీతను చదవండి. బోల్టు రంధ్రం చుట్టూ నక్షత్రంలా విచ్చుకున్న పగులు కనిపిస్తే, వాషర్ లేకుండానో మరీ గట్టిగానో బిగించారని అర్థం. దీపం గూడు మూలలోంచి పుట్టిందంటే ఆ మూల మరీ కోసుగా ఉండి ఒత్తిడంతా అక్కడ చేరుతోందని. కీలు పక్కనే నిలువుగా దిగిందంటే కీలు బిగుసుకుపోయింది, మీరు బానెట్ ఎత్తినప్పుడల్లా కీలుకు బదులు పలకే వంగుతోంది. ఆ కీలుకు నూనె వేయకుండా పలకను ఎంత బాగా అతికినా, అతుకు పక్కనే మళ్లీ పగులుతుంది. నేను మొదటిసారి బాగుచేసిన మడ్‌గార్డు సరిగ్గా అలాగే పగిలింది. అతుకు ఇనుములా నిలిచింది, దాని అంచును ఆనుకుని కొత్త గీత వచ్చింది. కింద ఒక రబ్బరు దిమ్మ అరిగిపోయి మడ్‌గార్డు బరువంతా రెండు బోల్టుల మీదే పడుతోందని అప్పుడు గాని గమనించలేదు. ఆ ఏడాదంతా నాకు ఆ బాధ ఉంది. పనిలో దిగేముందు బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఏ భాగం దేన్ని లాగుతోందో చూడమని మిమ్మల్ని కోరేది అందుకే.

పదార్థం గురించి రెండు మాటలు. 1932లో అమెరికాలో డేల్ క్లైస్ట్ అనే యువకుడు గాజు దిమ్మలను అతికే ప్రయత్నం చేస్తుండగా, కరిగిన గాజు ధార మీదికి గాలి జోరుగా తగిలి సన్నటి పీచు చిమ్మింది. ఆ పీచుకు పాలిస్టర్ రెసిన్ తోడయ్యాక పడవలు, కార్ల బాడీలు వచ్చాయి. 1953లో వచ్చిన షెవర్లే కార్వెట్ బాడీ మొత్తం దీనితోనే చేశారు. మన బానెట్‌కు కావలసిన సంగతి ఇందులో ఒకటుంది. గాజుపీచు లాగుడును తట్టుకుంటుంది, రెసిన్ ఆ పీచును కదలకుండా పట్టుకుంటుంది. పగిలినచోట పీచు తెగింది. పుట్టీలో పొడవాటి పీచు లేదు. తెగిన పీచు స్థానంలో మళ్లీ పీచు పడాలి, అదీ రెండు పక్కలా చాలినంత దూరం పరుచుకోవాలి.

మీ చేతిలో ఉన్నది నిజంగా ఫైబర్‌గ్లాసేనా అని చూసుకోవడం కూడా ముఖ్యం. కనపడని మూలలో ఉప్పుకాగితంతో రుద్దండి. పొడిపొడిగా తెల్లటి దుమ్ము రాలితే ఫైబర్‌గ్లాస్. ఉండలు కట్టి మెత్తబడి కాగితానికి అంటుకుంటే మామూలు ప్లాస్టిక్. ప్లాస్టిక్‌కు లోపలివైపు చిన్న అక్షరాల్లో ఏబీఎస్ అనో పీపీ అనో ముద్ర కూడా ఉండవచ్చు. దాని వైద్యం వేరు, ఈరోజు దాని జోలికి పోను. ఫైబర్‌గ్లాస్‌లో మళ్లీ రెండు రకాలు. లోపలివైపు గరుకుగా, పీచు అల్లిబిల్లిగా కనిపిస్తే చేత్తో పొరలు పరిచి చేసింది. రెండువైపులా నునుపుగా, మందం అంతటా ఒకేలా, పక్కటెముకల్లాంటి గట్లతో ఉంటే వేడి అచ్చులో ఒత్తి చేసింది, దాన్నే ఎస్ఎంసీ అంటారు. ఈ రెండో రకంలో అచ్చు నుంచి సులువుగా ఊడిరావడానికి జింక్ స్టియరేట్ వంటి జారుడు పదార్థాన్ని రెసిన్‌లోనే కలిపేస్తారు. అందువల్ల పాలిస్టర్ రెసిన్ దాన్ని సరిగా పట్టుకోదు. ఎపాక్సీ అనే మరో రకం రెసిన్ వాడాలి.

అసలు పాత పలక ఏదైనా సరే, నా ఓటు ఎపాక్సీకే. పాలిస్టర్ కొత్తగా పోసేటప్పుడు బాగుంటుంది, ఎన్నడో గట్టిపడిన పాలిస్టర్‌కు అతకడంలో మాత్రం ఎపాక్సీ దానికంటే చాలా మెరుగు. చేత్తో చేసిన రకానికి, బాగా గరుకు చేసుకుంటే, పాలిస్టర్ కూడా పనిచేస్తుంది, కాదనను. ఒక్కటి గుర్తుంచుకోండి. ఎపాక్సీని పాలిస్టర్ మీద వేయవచ్చు, ఎపాక్సీ మీద పాలిస్టర్ పరిస్తే సరిగా పట్టదు. ఇంకో సంగతి. ముక్కలు ముక్కలుగా తరిగిన పీచుతో చేసే మామూలు మ్యాట్‌లో పీచును కలిపి ఉంచే జిగురు పాలిస్టర్‌లోని స్టైరీన్ అనే ద్రావకానికి కరుగుతుంది, ఎపాక్సీకి కరగదు. కనుక పాలిస్టర్‌కు ఆ మ్యాట్, ఎపాక్సీకి నేసిన బట్టో కుట్టిన బట్టో తీసుకోండి.

ఇప్పుడు శుభ్రత. నలభై యాభై ఏళ్లు ఇంజన్ మీద కూర్చున్న బానెట్ లోపలివైపు నూనె తాగి ఉంటుంది. ముందు సబ్బునీళ్లతో కడగాలి, ఆరాక నూనె వదిలించే ద్రావకంతో తుడవాలి. తడిబట్టతో తుడిచి, ద్రావకం ఆరకముందే పొడిబట్టతో ఎత్తేయాలి. ఒకే బట్టతో అటూ ఇటూ రుద్దితే నూనెను వెడల్పుగా పూసినట్టే. ఇదంతా అయ్యాకే గ్రైండర్ పట్టాలి. ముందే గరుకు చేస్తే జిడ్డు, మైనం గీతల్లోకి దిగిపోతాయి, మళ్లీ రావు.

తర్వాత పలకను దాని ఆకారంలో నిలపాలి. పాత పగులు అంచులు ఒకదానికొకటి ఎడమవుతాయి, ఒకటి పైకి, ఒకటి కిందికి. బానెట్‌ను బండి మీద బిగించి, మూసి, అంచులు సరిగ్గా కలిసేలా చేత్తో నొక్కి, బయటివైపు పగులుకు అడ్డంగా రెండు మూడు సన్నటి చెక్కబద్దలను చిన్న స్క్రూలతో పట్టించండి. ఇప్పుడు బండి మీంచి దించినా ఆకారం చెదరదు. ఈ అరగంట ఆదా చేద్దామనుకున్నవారు చివరికి బానెట్ మూత పడక, ఆరిపోయిన అతుకును మళ్లీ కోసుకోవలసి వస్తుంది. పగులు ఆగిపోయినచోట, దాని చిట్టచివర, 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి వేయండి. కోసుగా ఉన్న చివర గుండ్రమైతే అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. చివర ఎక్కడో తెలియకపోతే ద్రావకంతో తడిపి తుడవండి. చుట్టూ ఆరిపోయినా వెంట్రుకలాంటి ఒక తడిగీత మిగులుతుంది. అదే పగులు.

ఇక ఏటవాలు కోత. ఈ పనికంతటికీ ప్రాణం ఇక్కడే ఉంది, కాస్త నిదానంగా చెబుతాను. పలక మందం 3 మిల్లీమీటర్లు అనుకోండి. లోపలివైపు నుంచి పగులుకు రెండు పక్కలా మందానికి 12 రెట్ల దూరం, అంటే 36 మిల్లీమీటర్ల చొప్పున, ఏటవాలుగా అరగదీయాలి. పగులు దగ్గరికి వచ్చేసరికి పలక దాదాపు కాగితమంత పలచబడాలి. చాలామందికి ఇక్కడ చెయ్యి ఆడదు. బాగున్న పలకను ఇంత అరగదీయాలా అనిపిస్తుంది. అతుకు నిలిచేది ఆ వాలు మీదే. అంచుకు అంచు ఆనిస్తే అతుకు వెడల్పు 3 మిల్లీమీటర్లు, వాలుగా కోస్తే ఒక్కో పక్క 36. బరువు ఆ వెడల్పంతా పంచుకుంటుంది. ఇదుగో, ఈ ముక్కను చేతిచేతికీ అందించి చూడండి. వాలు మీద వరుసగా వలయాలు కనిపిస్తున్నాయి కదా, చెట్టు కొయ్య మీద ఏళ్ల గీతల్లాగా. ఒక్కో వలయం ఒక్కో పాత పొర. వలయాలు సమాన దూరంలో ఉంటే మీ వాలు సమంగా వచ్చిందని లెక్క. గ్రైండర్‌కు 36 నంబరు గరుకు బిళ్లతో మొదలుపెట్టి 80 నంబరు ఉప్పుకాగితంతో ఆపేయండి. ఇంకా నునుపు చేస్తే రెసిన్‌కు పట్టు దొరకదు.

దుమ్ము గురించి నేను నెమ్మదిగా చెప్పను, గట్టిగానే చెబుతాను. గాజుదుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. ముఖానికి సరిగ్గా అతుక్కునే దుమ్ము మాస్కు, కళ్లద్దాలు, పూర్తి చేతుల చొక్కా తప్పనిసరి. రెసిన్ పనికి దిగాక ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు వేరే కావాలి, దుమ్ము మాస్కు స్టైరీన్ వాసనను ఆపదు. పాలిస్టర్ హార్డెనర్, అంటే రెసిన్‌ను గట్టిపరిచే ద్రవం, పేరు మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడ్. అది ఒక్క చుక్క కంట్లో పడినా చూపు పోయే ప్రమాదం ఉంది. దాన్ని కోబాల్ట్ యాక్సిలరేటర్‌తో, అంటే గట్టిపడటాన్ని త్వరపరిచే మందుతో, నేరుగా ఎప్పుడూ కలపకండి, పేలుతుంది. అసిటోన్ సీసా పక్కన కూడా పెట్టకండి.

ఇప్పుడు కలపడం. పాలిస్టర్‌కు హార్డెనర్ బరువులో నూటికి 1 నుంచి 2 పాళ్లు, డబ్బా మీద రాసినదాన్ని బట్టి. 30 సెంటీమీటర్ల పొడవు, 15 వెడల్పు ఉన్న అతుకు తీసుకుందాం. చదరపు మీటరుకు 450 గ్రాముల మ్యాట్ అయితే ఒక పొర సుమారు 20 గ్రాములు తూగుతుంది. తడిసి గట్టిపడ్డాక ఒక పొర దాదాపు 1 మిల్లీమీటరు, కనుక 3 మిల్లీమీటర్లకు మూడు పొరలు, 60 గ్రాముల గాజు. మ్యాట్‌కు దాని బరువుకు రెండు, రెండున్నర రెట్ల రెసిన్ పడుతుంది. అంటే 120 నుంచి 150 గ్రాములు, హార్డెనర్ 2 గ్రాములకు అటూ ఇటూ. చిన్న తూకం యంత్రం తప్పక కొనుక్కోండి. కంటి అంచనాతో పోసిన 2 గ్రాములు నాలుగైనా కావచ్చు. ఎపాక్సీ లెక్క వేరు. దాని హార్డెనర్ రెసిన్‌తో కలిసి ఆ గట్టి పదార్థంలోనే భాగమవుతుంది, అందుకని తయారీదారు చెప్పిన పాళ్లు తు.చ. తప్పకుండా పాటించాలి. త్వరగా ఆరుతుందని హార్డెనర్ ఎక్కువ పోస్తే ఎప్పటికీ మెత్తగానే ఉండిపోతుంది. ఏది కలిపినా లోతు గిన్నెలో ఉంచకండి. వేడి బయటికి పోయే దారిలేక గిన్నె పొగలు కక్కుతుంది. వెడల్పాటి పళ్లెంలో పలచగా పోయండి.

పగులు బయటివైపు ప్యాకింగ్ టేపు అంటించి, లోపలివైపు వాలు మీద ముందు రెసిన్ రాయాలి. తర్వాత పొరలు. పెద్ద ముక్క ముందా, చిన్న ముక్క ముందా అని ఎప్పుడూ వాదన ఉంటుంది. నేను పెద్దది ముందు వేస్తాను, ఒకే పొర వాలునంతా పట్టుకుంటుంది. తెల్లటి బట్ట రెసిన్ తాగేకొద్దీ అద్దంలా పారదర్శకమవుతుంది, అడుగున ఉన్న పాత వలయాలు దానిలోంచి కనిపిస్తాయి. ఎక్కడైనా తెల్లమచ్చ మిగిలిందా, అక్కడ గాలి ఉంది. బ్రష్‌తో రుద్దకండి, పీచు చెదురుతుంది. బ్రష్‌ను నిటారుగా పట్టి పొడిచినట్టు అద్దండి. గాడులున్న రోలర్‌ను మధ్యలోంచి అంచుకు తోయండి. బుడగ చిటపటమని చిన్న శబ్దంతో పోతుంది. ఆ శబ్దం నాకు ఎంతో ఇష్టం.

లోపలి పొరలు గట్టిపడ్డాక బయటి బద్దలు తీసి, అటువైపు కూడా పగులు మీద తక్కువ లోతులో వాలు తీసి, ఒకటి రెండు పలచటి పొరలు వేయాలి. స్క్రూ రంధ్రాలూ అప్పుడే పూడిపోతాయి. ఒక ముక్క పూర్తిగా ఊడి పోయిందనుకోండి, అట్టకు ప్యాకింగ్ టేపు చుట్టి బయటివైపు ఆసరాగా పెట్టి, లోపలి నుంచి పొరలు పరవండి. వంపు కావాలంటే రెండోవైపు బాగున్న మూలను చూసి అట్టను వంచుకోవచ్చు.

బోల్టు రంధ్రాలను ఎవరూ పట్టించుకోరు, పగుళ్లు పుట్టేదేమో అక్కడే. సాగిపోయిన రంధ్రాన్ని ఇంకాస్త పెద్దది చేసి, చుట్టూ వాలు తీసి, తరిగిన పీచు కలిపిన చిక్కటి ఎపాక్సీతో పూడ్చి, వెనక రెండు పొరలు పరిచి, ఆ తర్వాత కొత్త రంధ్రం వేయండి. అందులో పలక మందమంత పొడవున్న చిన్న లోహపు గొట్టం పెడితే ఎంత బిగించినా ఒత్తిడి గొట్టం మీదే పడుతుంది, ఫైబర్‌గ్లాస్ నలగదు. రెండువైపులా వెడల్పాటి వాషర్లు, పలకకు ఆనుకుని రబ్బరు. ఆ రివెట్ల రేకు చేయలేని పని ఈ రబ్బరు ముక్క చేస్తుంది.

రంగు పని త్వరగా ముగిస్తాను. ఎపాక్సీ ఆరాక పైన జిడ్డులాంటి పొర ఏర్పడవచ్చు. ముందు నీళ్లతో, గరుకు పీచుతో కడగాలి, ఆ తర్వాతే రుద్దాలి. పుట్టీ ఒకటి రెండు మిల్లీమీటర్లు మించితే లోపల పొర తక్కువ పడిందని అర్థం. ప్రైమర్ మీద నల్లరంగు తుంపరగా చల్లి, చెక్కదిమ్మకు చుట్టిన ఉప్పుకాగితంతో రుద్దండి. నలుపు ఎక్కడ మిగిలితే అక్కడ పల్లం. ముదురు రంగులు ఎండకు బాగా వేడెక్కి అతుకు కింద బట్ట నేత బయటికి కనబడేలా చేస్తాయి. అందుకే రంగు వేసేముందు అతుకును కొన్ని రోజులు వెచ్చటి చోట ఉంచండి.

(సభలో నుంచి ప్రశ్న: మడ్‌గార్డు మీద జల్లెడలా సన్నటి గీతలు మాత్రమే ఉన్నాయి. వాటికి కూడా పీచు దాకా కోయాలా?)

మంచి ప్రశ్న. నాణెంతో తట్టి వినండి. చుట్టుపక్కల చప్పుడు ఖణీమని, అక్కడా అలాగే ఖణీమని ఉంటే పైపూత మాత్రమే చిట్లింది. ఆ పూతను అరగదీసి, ఎపాక్సీ రాసి, ప్రైమర్ వేస్తే చాలు. మొద్దుగా పలికితే లోపల పొరలు విడిపోయాయి, కోయక తప్పదు. పూతే చిట్లినా, చేత్తో నొక్కినప్పుడు అక్కడ పలక ఊగుతుంటే వెనక ఒక పొర అదనంగా వేయండి. ఊగుడు ఆగకపోతే గీతలు మళ్లీ వస్తాయి.

(మరో ప్రశ్న: సైలెన్సర్ పక్కన కాలి గోధుమరంగుకు తిరిగిన చోటు?)

అక్కడ రెసిన్ మాడిపోయి ఉంటుంది. గోటితో గీస్తే పొడిగా పీచు లేస్తుంది. గట్టి పలక, దాని అసలు రంగు వచ్చేదాకా ఆ భాగమంతా కోసి తీసేయాలి, మాడినదాని మీద ఏదీ నిలవదు. గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీ మామూలుగా 50, 60 డిగ్రీల సెల్సియస్ దాటితే మెత్తబడటం మొదలుపెడుతుంది. కాబట్టి ఎక్కువ వేడికి ఓర్చే రకం తీసుకుని, డబ్బా మీద చెప్పినట్టు వేడిలో ఉంచి పూర్తిగా గట్టిపరచాలి. సైలెన్సర్‌కూ బానెట్‌కూ మధ్య అల్యూమినియం రేకు తెర పెట్టండి. రేకు బానెట్‌ను తాకకుండా వెనక వేలెడు ఖాళీ ఉండాలి, గాలి ఆడటానికి. రేకును బానెట్‌కే అతికించేస్తే వేడి నేరుగా లోపలికి పోతుంది.

ఇక ఈ బానెట్ దగ్గరికి వద్దాం. రేకు, రివెట్లు నిన్ననే తీయవలసింది, మీరు చూడాలని ఉంచాను. ముందు వరుసలో ఉన్నవారు ఇద్దరు మాస్కులు పెట్టుకుని రండి. ఒకరు రివెట్లను డ్రిల్లుతో తీయండి, రెండోవారు ద్రావకం బట్టతో పగులు చివర ఎక్కడుందో వెతకండి.